లింకరుకు జవాబు చెప్పే ఆపా

మొన్న ఒకాయన ఫోన్ చేసి, "మాస్టర్, ఆపా పోయిందంట" అన్నాడు. ఏ ఆపా అని నేను అడగలేదు. ఉర్దూలో ఆపా అంటే అక్క, సిద్దిపేటలో వాడకో ఆపా ఉంటుంది కానీ నా దగ్గర ఆపా అంటే ఒక్కతే. "ఎప్పుడు?" అన్నాను. "నిన్న. పగటి జొహర్ నమాజు అయినంక మట్టి చేసిన్రంట" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ తోచలేదు. మూలన ఉన్న పాత టైపు మిషన్ కవరు తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ కప్పాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అరవై దాటినవాడు ఏడవకూడదని ఎక్కడా రాసిలేదు. కళ్లు తుడుచుకుంటుంటే మాత్రం ఆవిడ గొంతు చెవిలో గద్దించింది: "అయ్యిందా మాస్టర్ నీ ఏడ్పు? ఇగ చెప్పు, అన్ని వచ్చినయా?"

రోజుకు పదిసార్లు అనేది ఆ మాట. దాని సంగతి చెప్పాలంటే మా మేడ సంగతి చెప్పాలి. తొంభైల మొదట్లో పాత బస్టాండు వెనక, బట్టల దుకాణం పైన నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పొద్దున తలుపు తీసింది మొదలు టకటకలే. అలాంటి హాల్లో సగం జాగా కిరాయికి కావాలని వచ్చింది ఆపా. పొడగరి మనిషి, మందపు కళ్లద్దాలు, నల్ల బురఖా, చేతిలో మోపెడ్ తాళంచెవి. "కంప్యూటర్లు పెడ్త" అంది. "ఈ సప్పుడులనా?" అన్నాను. "సప్పుడు నీ దిక్కు ఉంటది. నా దిక్కు సప్పుడే ఉండదు" అంది. తీరా చూస్తే ఆ మేడ మీద అందరికంటే పెద్ద చప్పుడు ఆవిడ నోరే.

హాలుకు అడ్డంగా ప్లైవుడ్ గోడ కట్టించి, అటువైపు రెండు కంప్యూటర్లు పెట్టుకుంది. హైదరాబాదులో చదివి, అక్కడే ఏదో కంపెనీలో చేరి, వాళ్లతో పడక తిరిగొచ్చిందట. ఎందుకు పడలేదంటే, "వాళ్లకు జల్ది కావాలె. నాకు సాఫ్‌గ కావాలె" అంది. తన గురించి అంతకు మించి చెప్పలేదు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. ఇద్దరికీ కోపం ముక్కు మీదే ఉండేది కాబట్టి, ఆ ప్లైవుడ్ మీంచి మాకు వారానికో తగాదా నడిచేది. తగాదా అయ్యాక ఆవిడే సోంపు పొట్లం గోడ మీంచి ఇటు చాపేది. తీసుకుంటే రాజీ పడ్డట్టు.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు చేతి గాజులు తీసి ప్రింటర్ మీద పెట్టేది. గాజుల చప్పుడుకు ధ్యానం చెదురుతుందట. నా టైపు మిషన్ల చప్పుడుకు చెదరని ధ్యానం గాజులకెలా చెదురుతుందో నాకు ఈనాటికీ తెలియదు. కళ్లద్దాలు నొసటి మీదికి తోసి, తెరకు మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి చదివేది. ఏదైనా తప్పు కనబడితే వేలి కణుపుతో తెర మీద రెండుసార్లు కొట్టేది. ఆ టక్కుటక్కు వినబడిందంటే పిల్లలు బిగుసుకుపోయేవారు. నా వైపు టైపు పిల్లలు కూడా ఒక్క క్షణం ఆగేవారు.

ఇక లింకరు. ఆ ప్లైవుడ్ మీంచి విని విని నాకూ అంతో ఇంతో వంటబట్టింది కనుక చెబుతాను. ఆ రోజుల్లో పెద్ద ప్రోగ్రాంను ఒక్క ముద్దగా రాసేవారు కాదు. ముక్కలు ముక్కలుగా రాసేవారు. ఒక్కో ముక్కనూ మిషన్ భాషలోకి మార్చుకున్నాక, వాటన్నిటినీ కలిపి ఒక్క నడిచే ప్రోగ్రాంగా కుట్టేదే లింకరు. దానికి బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు. నల్ల తెర మీద దాని పేరు కొడితే ఒకదాని తర్వాత ఒకటి నాలుగు ప్రశ్నలు వేస్తుంది. ఏయే ముక్కలు కలపాలి? తయారైనదానికి ఏం పేరు పెట్టాలి? ఏ ముక్క ఎక్కడ కూర్చుందో చెప్పే పట్టిక కావాలా? ముందే రాసిపెట్టిన ముక్కలుండే భాండాగారాల్లో ఇంకా వేటిలో వెతకాలి? ఆపా ఆ నాలుగింటికీ పైకి, గట్టిగా, ఎదుట మనిషి ఉన్నట్టే జవాబు చెబుతూ టైపు చేసేది. ముక్కల పేర్లు బడిలో పంతులు హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటే పిలిచేది. ఆపా హాజరు తీసుకుంటోందని పిల్లలు చాటున నవ్వుకునేవారు.

ఎవరైనా "ఆపా, నడుస్తుంది" అని సంబరంగా అరిస్తే ఆవిడకు మండేది.

"నడుస్తుందా అని నేను అడగలే. అన్ని వచ్చినయా అని అడిగిన."

"నడుస్తుంది గద ఆపా, మల్ల ఏంది?"

"ఏందంటె నీ నెత్తి. ఒక ముక్క రాకున్నా గిది నడుస్తది. లింకరు చెప్తది, ఫలానా ముక్క నాకు దొరకలే అని. చెప్పి గమ్మున ఉండదు, ప్రోగ్రాం గూడ తయారు చేసి ఇస్తది. నువ్వు తయారైంది చూసి ఎగురుతవ్, చెప్పింది వినవ్."

ఈ సంగతి నాకు మొదట బుర్రకెక్కలేదు. లేని ముక్కతో ప్రోగ్రాం ఎలా నడుస్తుందని ఒకరోజు అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి చెప్పింది. "మీ ఇండ్లల్ల పెండ్లి పత్రిక కొట్టిచ్చిన్రు. బ్యాండు మేళం ఉన్నదని అచ్చు వేసిన్రు. బ్యాండోనికి బయానా ఇయ్యడం మర్చిపోయిన్రు. పెండ్లి ఆగుతదా? తాళి కడ్తరు, అన్నం పెడ్తరు, అన్ని అయితయి. బారాత్ కాడికి వచ్చినంక తెలుస్తది." అంతటితో నాకు బోధపడింది.

అందుకే లింకరు చెప్పిందంతా చివరి అక్షరం దాకా చదవకుండా ఏ ప్రోగ్రామూ నడపనిచ్చేది కాదు. ఇంకో నియమం కూడా ఉండేది. నాలుగు ప్రశ్నలకూ రోజూ జవాబు కొట్టడం విసుగని, ఒక తెలివైన విద్యార్థి ఆ జవాబులన్నీ ముందే ఒక ఫైల్లో రాసి పెట్టుకున్నాడు. దాని పేరు కొడితే చాలు, లింకరు గబగబా తన పని తాను చేసుకుపోతుంది. అయ్యాక తెర తుడిచేసి, ఫ్లాపీలోకి నకలు కూడా తీసిస్తుంది. వాడు గొప్పగా చూపిస్తే ఆపా టక్కుటక్కుమని తెర మీద కొట్టి, "తెర ఎందుకు తుడిసినవ్ర? లింకరు చెప్పింది నేనెక్కడ చదవాలె?" అంది. "నీట్‌గ ఉంటదని ఆపా" అన్నాడు వాడు. "నీట్ నక్కో. నా క్లాసుల గిది వాడద్దు" అంది. వాడద్దంది కానీ, ఆ ఫైల్ను చెరిపెయ్యలేదు. అది ఆ కంప్యూటర్లోనే ఉండిపోయింది.

ఇదంతా ఇలా ఉండగా, హైదరాబాదు రోడ్డు మీది ములుగు దగ్గర హేచరీ పెట్టిన సేటు ఒకడు ఆపా దగ్గరికి వచ్చాడు. కోడిగుడ్లను మిషన్లలో పెట్టి పిల్లలను చేసి రైతులకు ఇచ్చే హేచరీ అది. మిషన్లలో వేడి తొంభై తొమ్మిదిన్నర ఫారన్‌హీట్ దగ్గర నిలకడగా ఉండాలి. తగ్గితే లోపలి పిల్ల చస్తుంది. అంతవరకూ లచ్చవ్వ అని ఒక ముసలామె అక్కడే గుడిసె వేసుకుని, పగలూ రాత్రీ గంటగంటకూ లేచి థర్మామీటర్లు చూసేది. పోయిన కాన్పు, అంటే పోయిన విడత గుడ్లు, ఆమె జ్వరంతో పడుకున్న ఒక్క పూటలో చెడిపోయాయట. ఈసారి కూడా పోతే హేచరీకి తాళం వేసుకుని ఊరొదిలి పోవాలన్నాడు సేటు. అందుకని సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ఒకటి కొని, మిషన్లలోంచి దానికి తీగలు లాగించుకున్నాడు. వేడిని ఎప్పటికప్పుడు తెర మీద చూపించాలి, తగ్గితే సైరన్ మోగించాలి, అదీ ప్రోగ్రాం.

ఆపా దాని మీద చాలా రోజులు కూర్చుంది. తీగల్లోంచి వేడిని చదివేది ఒక ముక్క, తెర మీద చూపించేది ఒక ముక్క, గడియారం ఒక ముక్క. వాటిని కలిపి చూసేటప్పుడు సాయానికి వచ్చిన ఆ తెలివైన విద్యార్థి, తన ఫైల్లో ఈ మూడు పేర్లూ రాసి పెట్టుకున్నాడు. అందరికంటే చివర రాసింది సైరన్ ముక్క. దాన్ని విడిగా నడిపి చూసిన రోజు మేడంతా దద్దరిల్లి, కింది బట్టల దుకాణం వాళ్లు పైకి పరుగెత్తుకొచ్చారు. ఆపా గాజులు తొడుక్కుంటూ, "మోగింది గద?" అని నవ్వింది. ఆవిడ అంత హాయిగా నవ్వడం నేను చూసింది తక్కువ.

సేటు ఫ్లాపీ తీసుకుపోవడానికి వచ్చిన రోజు సాయంత్రం కరెంటు కోత ఉంది. కోత వేళ దగ్గర పడింది. సేటు కుర్చీ అంచున కూర్చుని మోకాళ్లు ఊపుతున్నాడు. "గుడ్లు పెట్టేసిన మేడమ్, మిషన్లు నిండిపోయినయ్. ఇయ్యాల మీ ప్రోగ్రాం పెట్టకుంటే ముసల్ది నడుమ పడిపోతది. ఆఖరి బస్సు పోతది మేడమ్." ఆవిడ చివరి సవరణ ఏదో చేస్తోంది. బల్బు ఒకసారి మినుకుమంది. కోతకు ముందు అలా మినుకుమనడం మా అందరికీ తెలిసిన సూచనే. ఆపా ఒక్క క్షణం చేతులు గాల్లో ఆపి, ఏదో ఒక పేరు కొట్టింది. తెర గబగబా కదిలింది, శుభ్రంగా తుడుచుకుపోయింది, ఫ్లాపీ దీపం వెలిగి ఆరింది. ప్రోగ్రాం నడిపి చూస్తే వేడి చూపించే గడి, గడియారం, అన్నీ చక్కగా ఉన్నాయి. ఫ్లాపీ సేటు చేతిలో పెట్టి ఆవిడ కూడా బస్సుకు బయల్దేరింది. కరెంటు పోయేసరికి వాళ్లు మెట్లు దిగుతున్నారు.

మర్నాడు వచ్చి, హేచరీలో ప్రోగ్రాం ఎక్కించానని, అంకెలు థర్మామీటర్‌తో సరిగ్గా కలిశాయని చెప్పింది. సైరన్ మోగిందా అన్నాను. "మిషన్ తలుపు తెరిచి సల్లార్చనియ్యలే సేటు. గుడ్లకు గాలి తగులుతదని తలుపుకు అడ్డం నిలబడ్డడు. పోనీలే, విడిగ మోగింది గద" అంది. అంటూ సోంపు నోట్లో వేసుకుంది. నేను నా పనిలో పడిపోయాను.

తర్వాత ఎన్నాళ్లకో కాదు, ఆ వారంలోనే, పొద్దుటి క్లాసులో పిల్లలకు లింకరు పాఠం చెబుతోంది. ఉదాహరణకు తన హేచరీ ప్రోగ్రామే తీసింది. గోడకివతల నేను ఒక అమ్మాయికి వేళ్లు సరిగ్గా పెట్టడం నేర్పుతున్నాను. ఆపా గొంతు మామూలుగానే వినబడుతోంది. "ఏ ముక్కలు కావాలె అని అడుగుతుంది. చెప్పాలె. వేడి. తెర. గడియారం. సైరన్..." అక్కడ ఆగిపోయింది.

ఆగడం మామూలే, పిల్లల మొహాలు చూడటానికి ఆగుతుంది. కానీ ఈసారి ఆగినది మళ్లీ మొదలు కాలేదు. నేను లేచి గోడ మీంచి చూశాను. ఆవిడ ఆ విద్యార్థి రాసిన ఫైల్‌ను తెర మీదికి తెచ్చుకుని చూస్తోంది. అందులో ముక్కల పేర్లు వరుసగా ఉన్నాయి. సైరన్ రాయకముందు తయారైన ఫైల్ అది. అందులో సైరన్ లేదు.

"మాస్టర్" అంది, నా వైపు చూడకుండానే. "ఆ రోజు నేను గిదే కొట్టిన."

ములుగు దగ్గర ఆ మిషన్ల గదిలో, బ్యాండు లేని పెళ్లిలాగా, అన్నీ సవ్యంగా నడుస్తున్న ప్రోగ్రాం నా కళ్లముందు కనబడింది. వేడి తగ్గేదాకా అది బాగానే ఉంటుంది. తగ్గిన క్షణాన సైరన్ కోసం వెతుక్కుని, దొరక్క, కొయ్యబారి నిలబడిపోతుంది.

"పోదాం పా" అన్నాను. ఆవిడ కదల్లేదు. గాజులు తీసి ప్రింటర్ మీద పెట్టింది. పిల్లలందరూ చూస్తుండగా లింకరు పేరు కొట్టి, ఒక్కో ప్రశ్నకూ మామూలు గొంతుతోనే జవాబు చెప్పసాగింది. నేను తలుపు దగ్గర నిలబడి గంతులేస్తున్నాను. "ఆపా, బస్సు!" అంటే, "ఒక తప్పు జల్దిల చేసిన. రెండోది జల్దిల చెయ్య" అంది. లింకరు చెప్పిందంతా మొహం ఆనించి చదివింది. పట్టిక తెరిపించి, సైరన్ ఏ చోట కూర్చుందో వేలు పెట్టి చూసింది. సైరన్ మోగించి, కింది దుకాణం వాళ్లను మళ్లీ ఒకసారి హడలగొట్టింది. అప్పుడు ఫ్లాపీ తీసింది. ఆ కాసేపట్లో నేను ఎన్ని తిట్లు మింగానో ఆవిడకు తెలియదు.

బస్టాండు పక్క ఎస్టీడీ బూత్ నుంచి సేటు ఇంటికి ఫోన్ కలిపాం. వాళ్లావిడ ఎత్తింది. సేటు పట్నం పోయాడట. "హేచరీల ఎవరున్నరు?" అని అడిగింది ఆపా. "ఎవరెందుకమ్మా, మీ కంప్యూటర్ ఉన్నది గద. లచ్చవ్వను గూడ పండుకొమ్మన్నడు ఆయన, పాపం ముసల్ది ఎన్నేండ్లకో నిద్ర పోతుంది" అంది అవతలి గొంతు, సంతోషంగా. లచ్చవ్వను లేపమని పంపడానికి ఇంట్లో మనిషి లేడట, హేచరీలో ఫోన్ లేదు. ఆపా ఫోన్ పెట్టేసి బూత్ గోడకు తల ఆనించింది. నేను ఆవిడను అలా ఎప్పుడూ చూడలేదు.

బస్సు కుకునూరుపల్లి దగ్గర ఆగింది. డ్రైవరు తాపీగా దిగి హోటల్ వైపు నడిచాడు. ఆపా అతని వెనకే దిగింది. "అన్నా, ఛాయ్ నేను తాపిస్త, వచ్చేటప్పుడు. ఇప్పుడు బండి తియ్యి." డ్రైవరు ఎగాదిగా చూశాడు. "ఎవరికైనా దవాఖానల సీరియస్సా అమ్మా?" ఆవిడ ఒక్క క్షణం తడబడి, "హౌ అన్నా. పసిపిల్లలు" అంది. డ్రైవరు గ్లాసు అక్కడే పెట్టి వచ్చి స్టీరింగ్ పట్టాడు. దారిపొడవునా ఆపా ఫ్లాపీని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. నేను ధైర్యం చెబుదామని "ఏం కాదులే, వేడి తగ్గి ఉండదు" అన్నాను. ఆవిడ పెదవులు మాత్రం కదులుతున్నాయి, దువా చేస్తోందో ముక్కల పేర్లు చెప్పుకుంటోందో తెలియలేదు.

రోడ్డు నుంచి హేచరీ దాకా మట్టిబాట. ఇద్దరం పరుగులాంటి నడకతో వెళ్లాం. షెడ్డులో ట్యూబులైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. గుడిసెలోంచి లచ్చవ్వ జుట్టు ముడి వేసుకుంటూ వచ్చింది. "ఏందమ్మా గిట్ల ఉరికొచ్చిన్రు? మిషన్ మంచిగున్నది. నేను గిప్పుడే సూసిన. పొద్దటి సంది ఒక్క తీరుగ నిలబడ్డది, జరంత గూడ కదుల్తలేదు."

"కదుల్తలేదా?" అంది ఆపా.

తెర మీద తొంభై తొమ్మిదిన్నర నిశ్చలంగా వెలుగుతోంది. ఆపా దాని వైపు చూడలేదు. మూలన గడియారం వైపు చూసింది. నేనూ చూశాను. సెకన్లు నడవడం లేదు. ప్రోగ్రాం కొయ్యబారింది. ఆ చక్కని అంకె ఎప్పటిదో పొద్దుటిది. పొదుగు మిషన్ల మీద హీటర్ల ఎర్రదీపాలు కూడా ఆరిపోయి ఉన్నాయి. కరెంటు మూడు ఫేజుల్లో ఒక్క ఫేజు పోయింది, అదే హీటర్లది. లైట్లూ ఫ్యాన్లూ కంప్యూటరూ వేరే ఫేజు మీద ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు.

లచ్చవ్వ గబుక్కున మిషన్ తలుపు తీసి, ఒక గుడ్డు తీసి, కన్ను మూసి రెప్పకు ఆనించుకుంది. పొదిగే గుడ్డు వేడి ఆ పల్చటి తోలుకు తెలిసినంత బాగా చేతికి తెలియదట. కన్ను తెరవకుండానే అంది, "సల్లబడ్డది బిడ్డా. మొత్తం సల్లబడలే. ఉరుకున్రి."

నేనూ లచ్చవ్వా షెడ్డు వెనక్కి ఉరికి, అక్కడున్న జనరేటర్ హ్యాండిల్ కలిసి పట్టి తిప్పాం. రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మూడోసారికి నా భుజం ఊడినంత పనైంది కానీ, అందుకుంది. ఎర్రదీపాలు వెలిగాయి. ఆపా అప్పటికే కొత్త ఫ్లాపీ ఎక్కించింది. ఎక్కించిన మరుక్షణం సైరన్ లేచింది. ఆ చప్పుడుకు లచ్చవ్వ చెవులు మూసుకుంది. మిషన్లు పూర్తిగా వేడెక్కేదాకా అది మోగుతూనే ఉంది. ఆపా దాన్ని ఆపలేదు, ఎవరినీ ఆపనివ్వలేదు.

సేటు పట్నం నుంచి తిరిగొచ్చేసరికి సైరన్ ఆగిపోయింది. విషయం విని నెత్తి బాదుకున్నాడు. తర్వాత ఆపా ముందు రెండు చేతులూ జోడించాడు. "దేవుని లెక్క వచ్చిన్రు మేడమ్. గీ కరెంటోళ్లు నా కొంప ముంచుతుండిరి. లైన్‌మన్‌ను తంతా ఇయ్యాల." నేను ఆపా వైపు చూసి కళ్లతోనే ఊరుకోమన్నాను. ఫేజు పోయిన మాట నిజం. మేం పరుగెత్తుకొచ్చిన మాట నిజం. దాని మీద ఎవరూ ఇంకేమీ అడగడం లేదు.

"లైన్‌మన్‌ను ఏమనకు సేటు" అంది ఆపా. "ఫేజు పోతనే ఉంటది, పోయినప్పుడు మోగాలనే గద సైరన్. మోగలే. ఎందుకు మోగలేదంటే నేను పెట్టలే. అన్ని ముక్కలు కలిపిన, గదొక్కటి కలపలే. లింకరు చెప్పే ఉంటది, నేను చూడలే. తప్పు నాది."

సేటుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక జోడించిన చేతులు కిందికి దిగాయి. "ముసల్దాన్ని నీ మాట మీద పండుకొమ్మన్న నేను" అన్నాడు. మేడమ్ అన్న మాట పోయింది. "ఈ కాన్పు పోతే నేను ఊరిడిసి పోవాలని చెప్పిన గద నీకు? చెప్పిన్నా లేదా?"

"చెప్పినవ్."

"మల్ల?"

ఆవిడ కళ్లద్దాలు తీసి బురఖా అంచుతో తుడుచుకుంది. పిల్లలు దొంగపని చేసి దొరికినప్పుడు ఈవిడ ముందు ఎలా నిలబడేవారో, అలా నిలబడింది. నాకు సేటు మీద కోపం వచ్చింది. ఆవిడ మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. కొంచెంసేపు నోరు మూసుకుంటే ఏం పోయేదని పళ్లు నూరుకున్నాను.

ఆ తర్వాత పిల్లలయ్యేదాకా ఆపా రోజూ క్లాసులు కాగానే ములుగు బస్సెక్కేది. సేటు ఆవిడతో మాట్లాడేవాడు కాదు. రావద్దనీ అనలేదు. లచ్చవ్వ చీకటి గదిలో గుడ్డును బల్బు ముందు పట్టి చూపిస్తే, లోపల నెత్తురు గీతల మధ్య చుక్కంత గుండె కొట్టుకోవడం చూసేదట. కొన్నిట్లో కొట్టుకోవడం లేదట. మర్నాడు నాకు చెబుతూ, కొట్టుకోనివాటి దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేది. సిద్దిపేటలో ఆ కబురు పాకడానికి ఎంతో సమయం పట్టలేదు. ఆపా ప్రోగ్రాం గుడ్లను చంపిందని కింద హోటల్లో చెప్పుకుంటుంటే నేనే విన్నాను. కొత్తగా చేరతామన్న పిల్లలు కొందరు రాలేదు. "నువ్వు చెప్పకుంటే సేటుకు ఈ జన్మల తెలుస్తుండెనా?" అని ఒకరోజు గోడ మీంచి అరిచాను. "తెల్వకపోతుండె" అంది. "మరి?" అంటే, "మల్ల నా సైరన్ మీద ఎట్ల పండుకుంటడు మాస్టర్?" అంది.

పిల్లలయ్యే రోజు నన్నూ వెంట రమ్మంది. ఒక్కదాన్నే చూడలేనంది. అంతటి మనిషి ఆ మాట అన్నాక నేను టైపు క్లాసు బంద్ పెట్టాను.

సేటు మా వైపు చూడకుండానే మిషన్ తలుపు తీశాడు. మొదటి ట్రేలో చప్పుడు లేదు. ఆపా నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగాయి. రెండో ట్రే సగం బయటికి లాగాడో లేదో, లోపల్నుంచి కిచకిచ మొదలైంది. కింది ట్రేల నుంచి ఇంకా గట్టిగా వచ్చింది. తడిసిన పసుప్పచ్చని పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి దేకుతున్నాయి. పై ట్రేల గుడ్లు చాలావరకు అలాగే మూసుకుని ఉండిపోయాయి. లచ్చవ్వ వాటిని ఏరి బుట్టలో వేస్తుంటే, ఆపా చూపు తిప్పుకోకుండా ప్రతి ఒక్కదాన్నీ చూసింది. బతికినవే ఎక్కువ. కానీ పోయినవి తక్కువేం కావు.

రైతులు పిల్లల డబ్బాలు మోసుకుపోయాక షెడ్డు ఖాళీ అయింది. సేటు మిషన్లు కడిగించి, కొత్త గుడ్లు పెట్టించాడు. కంప్యూటర్ తీసేయిస్తాడనే అనుకున్నాను. ఆయన కాసేపు దాని ముందు నిలబడి, "వేడి తగ్గితే మోగుతదా?" అని అడిగాడు. ఇన్ని రోజుల్లో ఆవిడతో ఆయన ఆడిన మొదటి మాట అది.

"తలుపు తెరిసి చూసుకో" అంది ఆపా.

సేటు కొత్త గుడ్లున్న మిషన్ తలుపు తానే బార్లా తెరిచాడు. అందరం నిలబడ్డాం. అంకె మెల్లగా దిగసాగింది. సైరన్ మోగింది. సేటు తలుపు మూశాడు. బయటి నుంచి నులక మంచం ఒకటి ఈడ్చుకొచ్చి, కంప్యూటర్ పక్కనే వాల్చుకుని, కండువా మొహం మీద కప్పుకున్నాడు. "ముసల్దాన్ని గూడ పండుకొమ్మను" అన్నాడు కండువా కిందినుంచి. కాసేపటికి గురక వినబడింది.

ఎండ దిగుతోంది. మా బస్సు వేళ దగ్గర పడింది. ఆపా స్టూలు లాక్కుని తెర ముందు కూర్చుంది. కళ్లద్దాలు నొసటి మీదికి తోసి, మూలన నడుస్తున్న సెకన్లను చూస్తోంది. నేను గుమ్మంలోంచి మెల్లగా, "ఆపా, బస్సు పోతది" అన్నాను.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు. గొంతు బాగా తగ్గించి, "పోనీ మాస్టర్. ఆయన లేసేదాక ఉందాం" అంది.